ప్యాకేజీ సమీక్షలో లైసెన్సు పట్టింపు

ప్రశ్న: నా చిన్న ప్రోగ్రామును చేర్చుకోమని ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌ను (లినక్స్‌తో పాటు ఎన్నో ప్రోగ్రాములను కలిపి అందించే ప్రాజెక్టును) కోరితే, అది చక్కగా పనిచేస్తున్నా లైసెన్సు సరిచేయమని తిప్పి పంపారు. ఇంత పట్టింపు అవసరమా?

జవాబు: అవసరమే. ఫెడోరా అనే డిస్ట్రిబ్యూషన్ పద్ధతినే చూడండి. అక్కడ స్పెక్ ఫైలును (ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలు), సోర్స్ ఆర్‌పీఎంను (ఆ ఫైలు, సోర్సు కలిసిన మూట) బగ్‌జిల్లా అనే వెబ్ వేదికలో సమర్పించాక, మరో ప్యాకేజర్ (ప్యాకేజీలు తయారుచేసే వ్యక్తి) స్పెక్ ఫైలులోని లైసెన్స్ ట్యాగులో మీరు రాసినదీ, సోర్సు ఫైళ్ల మొదట్లో ఉన్నదీ ఒకటేనా అని పోల్చి చూస్తారు. ట్యాగులో ఎంఐటీ అనే లైసెన్సు పేరు మాత్రమే ఉండి, మీరు వేరేచోటి నుంచి తెచ్చి వాడుకున్న ఒక్క ఫైలు జీపీఎల్ అనే మరో లైసెన్సు కింద ఉన్నా ఆ ట్యాగు తప్పే. రెండింటినీ పేర్కొని, లైసెన్సు పాఠాలను కూడా జతచేయాలి. మీ ప్యాకేజీని వెనక్కి పంపింది బహుశా ఇటువంటి ఫైలే కావచ్చు కనుక ముందుగా దాన్నే వెతకండి.

తరువాత మాక్ అనే పనిముట్టు శుభ్రమైన పరిసరంలో ప్యాకేజీని కట్టి చూస్తుంది. మీ కంప్యూటరులో ఇదివరకే ఉన్న లైబ్రరీని బిల్డ్‌రిక్వైర్స్‌లో (ప్యాకేజీ కట్టడానికి కావలసినవాటి జాబితాలో) రాయడం మరిచిపోతే ఆ లోపం అక్కడే బయటపడుతుంది.

సోర్సు చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని తెలిపే సంఖ్యను) అసలు ప్రాజెక్టు విడుదల చేసిన ఫైలు చెక్‌సమ్‌తో పోల్చడమూ తప్పనిసరే, కానీ అదొక్కటే చాలదు: 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే ప్రోగ్రాము ఉదంతంలో 5.6.0, 5.6.1 విడుదలల టార్‌బాల్స్‌లోని (సోర్సు మూటల్లోని) దొంగదారిని పెట్టింది ఆ ప్రాజెక్టు నిర్వాహకుల్లో ఒకరే; అసలు ఫైలులోనే దొంగదారి ఉంటే చెక్‌సమ్ సరిపోతుంది.