డాట్ విమ్ ఫోల్డరు గిట్‌లో ఎక్కించే ముందు

నాన్నా,

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఇంట్లో విండోస్ సిస్టంలో, అద్దె సర్వరులో విమ్ ఎడిటరు ఒకేలా ఉండాలని, దాని సెట్టింగులుండే డాట్ విమ్ ఫోల్డరంతా గిట్‌లో (ఫైళ్ల ప్రతి మార్పునీ దాచి ఉంచే పనిముట్టులో) పెడుతున్నావట, నీ తమ్ముడు చెప్పాడు. సంతోషమైంది. ఆ ‘అంతా’ దగ్గరే గుండె గుభేలుమంది.

తేలికవి ముందు. విమ్ సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీని డాట్ విమ్ లోపలికి జరిపి, పేరు ముందున్న చుక్క తీసెయ్. విమ్ అక్కడా వెతుక్కుంటుంది. హోమ్ ఫోల్డరులో పాతది మిగిలితే మాత్రం దాన్నే చదువుతుంది. విండోస్‌లో ఆ ఫోల్డరు పేరు విమ్‌ఫైల్స్. అక్కడి లైన్ ఎండింగులు (లైను ముగింపు గుర్తులు) లినక్స్‌కి వస్తే ‘ఇది ఆదేశం కాదు’ అనే ఈ492 ఎర్రర్లు కురుస్తాయి. గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్లో లినక్స్ తరహా ముగింపు, ఎల్‌ఎఫ్ అని ఖాయం చెయ్.

ఇక అసలు సంగతి. నీ అన్‌డూ ఫైళ్లు, అంటే చేసిన మార్పుల్ని వెనక్కి తిప్పడానికి విమ్ దాచుకునేవి, డాట్ విమ్ లోపలే ఉన్నాయేమో చూడు. 2010లో 7.3 వెర్షన్‌తో వచ్చిన సౌకర్యమిది. ఫైలు మూసినా పాత మార్పులు నిలుస్తాయి, చెరిపేసిన లైన్లతో సహా. కాన్ఫిగ్‌లో డేటాబేస్ పాస్‌వర్డు రాసి, తప్పని తోచి తీసేస్తావు. ఫైలు శుభ్రం. అన్‌డూ ఫైల్లో మాత్రం అది చదవగలిగేలా ఉంటుంది. ఫోల్డరులో ఉన్నదంతా ఎక్కించే గిట్ యాడ్ చుక్క కొట్టావా, అదీ ఎక్కుతుంది. ప్రైవేటు రిపోయే (గిట్ నిల్వే) కదా అనకు, దాన్ని క్లోన్ (నకలు) చేసిన ప్రతి మెషీనుకీ వెళుతుంది.

ఆ తర్వాత గిట్ వదిలెయ్యాల్సినవి రాసే గిట్‌ఇగ్నోర్‌లో రాసి లాభం లేదు, ఎక్కినవాటిని అది పట్టించుకోదు. గిట్ ఆర్‌ఎంతో తీసేసినా పాత కమిట్లలో (గిట్ దాచిన పాత దశల్లో) ఉండిపోతాయి. రెండో తరగతిలో ఎక్కం తప్పితే తడిగుడ్డతో పలక తుడిచేసేవాడివి; ఇక్కడ అలా కుదరదురా. ఎక్కేసి ఉంటే ముందు పాస్‌వర్డు మార్చు, ఈ పూటే. ఫిల్టర్-రిపో అనే పనిముట్టుతో గిట్ చరిత్ర కడగడం తర్వాత.

ఎక్కకపోతే అన్‌డూడిర్‌ని (అన్‌డూ ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే సెట్టింగుని) డాట్ లోకల్‌లోని స్టేట్ కిందికి మార్చు. ఆ ఫోల్డరు నువ్వే సృష్టించి నువ్వు తప్ప ఎవరూ తెరవలేని 700 పర్మిషన్ ఇవ్వాలి. విమ్ తనంతట తాను సృష్టించదు. ఫోల్డరు లేకపోతే చప్పుడు చెయ్యకుండా అన్‌డూ రాయడం మానేస్తుంది. రాస్తుండగా విమ్ పెట్టుకునే తాత్కాలిక స్వాప్ ఫైళ్లూ అక్కడికే. విమ్‌ఇన్‌ఫో ఫైల్లో నువ్వు యాంక్ (కాపీ) చేసిన ముక్కలుంటాయి, దాన్ని హోమ్‌లోనే ఉండనీ.

సర్వరుకి పుష్ చేసే (పంపే) ముందు గిట్‌లో ఎక్కిన ఫైళ్ల జాబితా చూపే గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ కొట్టు. అన్‌డూ ఫైలు పేరులో స్లాష్‌ల బదులు పర్సెంటు గుర్తులుంటాయి, ఒక్కటి కనబడినా ఆగిపో. ఆ జాబితా నాకు పంపు, ఎంత రాత్రయినా చూస్తాను.

మీ పెద్దమ్మ