గేమ్ థియరీని నమ్ముకుంటే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఉమ్మడి నెట్‌వర్క్‌లో ఎవరి లాభం వాళ్లు చూసుకునే యూజర్లను గేమ్ థియరీతో (ఒకరి లాభం మిగతావాళ్ల నిర్ణయాలపైనా ఆధారపడే చోట ఎవరేం ఎంచుకుంటారో చెప్పే గణితం) ఎలా దారికి తేవచ్చో ఓ లెక్చర్‌లో విన్నాను. బాగా నచ్చింది. దీన్నే నమ్ముకోవచ్చా? ఉద్యోగాలుంటాయా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: 'గేమ్ థియరీ నిపుణులు కావలెను' అనే ప్రకటన కోసం చూస్తే చాలాకాలం చూస్తూనే ఉంటారు. ఈ సబ్జెక్టు వేరే పేర్లతో తిరుగుతుంది: కంజెషన్ కంట్రోల్ (నెట్‌వర్క్‌లో రద్దీని అదుపు చేయడం), క్లౌడ్‌లో వనరుల పంపకం, యాడ్ల వేలం, స్పెక్ట్రమ్ వేలం.

మీ ఇష్టం ఏపాటిదో ముందు కాగితం మీద తేల్చుకోండి. వంద మంది డేటా పంపాలి, దారులు రెండు. మొదటి దాంట్లో ఎందరు వెళ్లినా 100 మిల్లీసెకన్లు. రెండో దాంట్లో ఎందరుంటే అన్ని మిల్లీసెకన్లు. రెండోది ఎప్పుడూ వందకు మించదు కాబట్టి అందరూ అటే తోసుకొస్తారు, అందరికీ వందే పడుతుంది. సగం సగంగా పంచితే సగటు 75. కానీ వంద పడ్డ యాభై మంది, పక్కవాడికి యాభయ్యే పడుతుంటే ఊరుకుంటారా? వందను 75తో భాగిస్తే 4/3. రద్దీ పెరిగేకొద్దీ ఆలస్యం సరళరేఖలా పెరిగే ఏ నెట్‌వర్క్‌లోనైనా స్వార్థం వల్ల మొత్తం ఆలస్యం, అన్నిటికన్నా మంచి పంపకంతో పోలిస్తే, ఇన్ని రెట్లకు మించి పెరగదని కంప్యూటర్ శాస్త్రవేత్తలు టిమ్ రఫ్‌గార్డెన్, ఎవా టార్డోస్ నిరూపించారు.

ఆ నిరూపణ వెతికి చదవాలని చెయ్యి దురదపెడితే మీది పరిశోధన దారి, పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సిందే. రెండో దారికి ఎంత రుసుము పెడితే జనం సగానికి సర్దుకుంటారో కోడ్ రాసి చూడాలనిపిస్తే ఇంజినీరింగ్ వైపు రండి. (జవాబు 50 మిల్లీసెకన్ల ఆలస్యానికి సమానమైన రుసుము. చూడకుండా చేసి ఉంటే బాగుండేది!)

ఏ దారైనా నెట్‌వర్కింగ్ పునాది లేకుండా కుదరదు. 1986లో ఇంటర్నెట్‌లో ఒక దారిలో డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అంతా ఒకేసారి తోసేయడం వల్ల వచ్చిన తంటా అది. 1988లో నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ చెప్పిన పరిష్కారంలో రద్దీ కనపడగానే పంపేవాడే వేగం తగ్గించుకోవాలి. తగ్గనివాడికే లాభం కదా? అసలు చిక్కంతా అక్కడే.

సంభావ్యత, ఆప్టిమైజేషన్, అల్గారిథమ్స్ గట్టిగా చదవండి. ఈ సెలవుల్లో ఒకే లింకుపై ఇద్దరు పంపేవాళ్లు, వారిలో ఒకడు మొండివాడు అనుకుని చిన్న సిమ్యులేటర్ రాయండి. మొండివాడికి ఎంత దక్కిందో, రెండోవాడు ఎంత నష్టపోయాడో గ్రాఫ్ గీయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కట్ట కన్నా నేను ముందు చూసేది ఆ గ్రాఫే.