ఆ దగ్గు కడుపులో పురుగులది కాదు

ప్రశ్న: తోట కాపలాకు పెంచుతున్న మా కుక్కకు 4 ఏళ్లు, బరువు 20 కిలోలు. రెండు నెలలుగా దగ్గుతోంది. కాస్త పరుగెత్తితే ఆయాసంతో కూలబడుతోంది. చిక్కిపోయింది. మూడుసార్లు నులిపురుగుల మాత్రలు వేశాను. పశువులకు చేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ 1 మి.లీ. చేయమని మందుల షాపులో ఇచ్చారు. చేయవచ్చా? మూడు నెలల కుక్కపిల్ల కూడా ఉంది.

జవాబు: చేయకండి. ఆ సీసా పక్కన పెట్టేయండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం గుండె పురుగుల (హార్ట్‌వార్మ్) మీద. ఇవి దోమకాటుతో వస్తాయి. 6, 7 నెలల్లో పెరిగి, దారం పోగుల్లా జానెడుకు పైగా సాగి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో, గుండెలో చేరతాయి. మామూలు నులిపురుగుల మాత్రలు వీటిని తాకవు.

ఇక ఆ షాపు సలహా. గుండె పురుగు రాకుండా ఐవర్‌మెక్టిన్ మోతాదు నెలకోసారి కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. 20 కిలోల కుక్కకు 120. పశువుల 1 శాతం ఇంజెక్షన్ 1 మి.లీ.లో ఉండేది 10,000! అంటే 80 రెట్ల పైమాటే. పైగా రక్తంలో పిల్ల పురుగులుంటే అవన్నీ ఒక్కసారిగా చచ్చి కుక్క షాక్‌లోకి వెళ్లిపోవచ్చు. కుక్కను చూడకుండా, రక్తం పరీక్ష లేకుండా ఇలాంటి మందు ఎవరిచ్చినా తీసుకోకండి.

ముందు పశువైద్యుడి దగ్గర యాంటిజెన్ పరీక్ష (పెద్ద పురుగుల ఆనవాళ్లను రక్తంలో పట్టేది), దాంతోపాటు రక్తంలో పిల్ల పురుగుల పరీక్ష చేయించండి. కొన్ని చుక్కల రక్తం చాలు. అప్పటిదాకా పరుగులు పెట్టించకండి, కట్టేసి ఉంచండి. గుండె పురుగులని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 10 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, 28 రోజులు ఇస్తారు. ఆ తర్వాత పెద్ద పురుగులను చంపే మెలార్సోమిన్ ఇంజెక్షన్లు మూడు: ఒకటి చేసి, నెల ఆగి, 24 గంటల తేడాతో మిగతా రెండు. ఇది డాక్టరే చేయాలి. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయి కాబట్టి చివరి ఇంజెక్షన్ తర్వాత కూడా 6 నుంచి 8 వారాలు పూర్తి విశ్రాంతి. ఈ రోజుల్లో గొలుసు విప్పారంటే చికిత్సంతా వృథా, ప్రాణానికే ముప్పు.

పిల్లకు ఇప్పుడు పరీక్షతో పనిలేదు. బరువు తూచి, కుక్కల కోసం తయారైన నివారణ మాత్ర ఈ వారమే మొదలుపెట్టించండి. దోమలు తగ్గాయని మానకుండా ఏడాది పొడవునా నెలనెలా వేయండి. రెండూ ఒకేచోట పడుకుంటాయి, కుట్టేవి అవే దోమలు.