1916 నాటి సినిమాలో త్రీ నాట్ త్రీ: మూతి చూస్తే చాలదు, కడుపూ చూడాలి

మీ ప్రశ్న రెండు ముక్కలుగా ఉంది. 1916లో ఫ్రాన్స్ కందకాల్లో జరిగే సినిమా. సైనికులు కందకం ఎక్కి బయటికి దూకే సీన్ ఆపి చూస్తే, ముందు వరస బ్రిటిష్ వాళ్ల రైఫిళ్ల మూతి మొండిగా ఉంది, వెనక వరస వాళ్లకు గొట్టం బయటికి పొడుచుకొచ్చింది. ఏది అసలుది? రెండోది, జర్మన్ సైనికుడి రైఫిల్ బోల్ట్ (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీ) పిడి కిందికి వంగి ఉంది, అది తప్పేనా?

ముందు వరస వాళ్లవి సరైనవి. వెనక వరసవి పుట్టడానికి ఇంకా పాతికేళ్లు ఉంది. జర్మన్ సంగతి అంత తొందరగా తేలదు, దాని దగ్గరికి వస్తాను.

నేను చాలా ఏళ్లు ఆర్మరర్‌గా పనిచేశాను. పాత రైఫిళ్లు విప్పడం, తుడవడం, బిగించడం, అరిగిన భాగాలు మార్చడం నా పని. ఆ తర్వాత రెండు మూడు సినిమాల వాళ్లు "ఈ తుపాకులు ఆ కాలానివేనా, చూసి చెప్పండి" అని పిలిస్తే వెళ్లాను. మొదటిసారి వెళ్లినప్పుడే పరువు పోయింది. ఆ కథ కూడా మీకు పనికొస్తుంది.

మొండిమూతిది మనం త్రీ నాట్ త్రీ (0.303 అంగుళాల తూటా వల్ల ఆ పేరు) అనే పాత బ్రిటిష్ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్, అంటే ఎస్‌ఎంఎల్‌ఈ మార్క్ 3. 1907లో వచ్చింది. దాని కర్ర గొట్టం చివరిదాకా పోతుంది. కర్ర చివర లోహపు టోపీ, దానికి ముందరి సైటును (గురి చూసే ముక్కను) కాపాడే రెండు చెవులు, మధ్యలో బయొనెట్ (రైఫిల్ మూతికి బిగించే కత్తి) తగిలించే చిన్న బొడిపె. కుక్క మూతిలా పొట్టిగా ఉంటుంది, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. గొట్టం పొడుచుకొచ్చినది అదే కుటుంబంలో తర్వాత వచ్చిన నంబర్ 4. అది పెద్ద ఎత్తున తయారవడం 1941లో మొదలైంది. దానికి కర్ర ముందే ఆగిపోయి, రెండు మూడు అంగుళాల గొట్టం నగ్నంగా కనిపిస్తుంది. మూతి కనిపించని షాట్ అయితే వెనక సైటు ఎక్కడుందో చూడండి. ఎస్‌ఎంఎల్‌ఈకి గొట్టం మీద, బోల్టుకు బాగా ముందు. నంబర్ 4కి వెనక్కి జరిగి, గురిపెట్టేవాడి కంటికి దగ్గరగా, చిన్న రంధ్రంతో.

మీరు చెప్పిన సీన్‌లో ఇంకోటి గమనించారో లేదో. వెనక వరస వాళ్ల రైఫిళ్లకు బయొనెట్లు ఉన్నాయా? ఉండవని నా పందెం. మొదటి యుద్ధంలో వాడింది 17 అంగుళాల అలుగున్న 1907 కత్తి బయొనెట్. అది నంబర్ 4 మూతికి ఎక్కదు. దానికి మేకులాంటి పొట్టి బయొనెట్ వేరే ఉంది. కందకం దాటే దాడిలో సగం మందికి బయొనెట్లు ఉండి సగం మందికి లేవంటే, ఉన్న మంచి రైఫిళ్లన్నీ కెమెరాకు దగ్గర సర్దేశారన్నమాట. అద్దెకు దొరికినవి దొరికినట్టు తెచ్చి, మిగతావి వెనక్కి తోస్తారు.

ఇక నా పరువు సంగతి. ఆ సినిమా కూడా మొదటి యుద్ధానిదే. గోడకు ఆనించి ముప్పై రైఫిళ్లు వరసగా పెట్టారు. అన్నిటికీ అదే కుక్క మూతి. దూరం నుంచే చూసి, "అన్నీ సరైనవే, ఒక్కటి కూడా మార్చక్కర్లేదు" అని పెద్దరికంగా చెప్పేశాను. టీ కూడా తాగాను. అరగంట తర్వాత ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు వచ్చి, "సార్, ఈ డమ్మీ తూటా పెడితే బోల్ట్ మూసుకోవట్లేదు" అన్నాడు. చేతిలోకి తీసుకుంటే తెలిసింది. మూతి చూసి మురిసిపోయాను గానీ, కడుపు చూడలేదు.

అది ఇషాపూర్ 2ఏ1. 1962 చైనా యుద్ధం తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్లు ఆ పాత ఒంటినే ఉంచి, 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగ్గట్టు చేసిన రైఫిల్. మూతి, కర్ర, బోల్ట్ అన్నీ తాతవే, మ్యాగజైన్ (కింద తూటాలు నింపే పెట్టె, అదే నేనన్న కడుపు) మాత్రం వేరు. త్రీ నాట్ త్రీ తూటాకు అడుగున అంచు ఉంటుంది కాబట్టి దాని మ్యాగజైన్ కొద్దిగా ముందుకు వాలినట్టు ఉంటుంది, పది తూటాలు పడతాయి. 2ఏ1 మ్యాగజైన్ డబ్బాలా నలుచదరంగా, పన్నెండు తూటాలది. క్లోజప్‌లో ఇంకో ఆనవాలు వెనక సైటు. ఎస్‌ఎంఎల్‌ఈకి అంకెలు 2000 గజాల దాకా పోతాయి. 2ఏ1కి 800 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ముప్పైలో పదకొండు అవే తేలాయి. డైరెక్టర్ ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. చివరికి ఆ పదకొండూ వీపున తగిలించుకుని నడిచేవాళ్లకు ఇచ్చాం, మ్యాగజైన్ కనపడకుండా చేతులు అడ్డం పెట్టించి.

అప్పటినుంచి నా వరస మారింది. ముందు మ్యాగజైన్, తర్వాత వెనక సైటు, ఆఖర్న మూతి. మూతి అందరికీ తెలుసు, అందుకే అది ఎక్కువ మోసం చేస్తుంది.

ఒకటి మాత్రం జాగ్రత్త. పాత రైఫిల్ కొత్త యుద్ధంలో కనిపిస్తే తప్పనకండి. సైన్యాలు పాతవి పారేయవు. 1915లో బ్రిటిష్ టెరిటోరియల్ (పార్ట్‌టైమ్ సైనికుల) పటాలాల చేతుల్లో పొడవాటి పాత లీ-ఎన్‌ఫీల్డ్‌లు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో భారతీయ, ఆస్ట్రేలియన్ సైనికులు ఎస్‌ఎంఎల్‌ఈలతోనే పోరాడారు. అటునుంచి ఇటు వస్తేనే తప్పు, రేపటి తుపాకీ నిన్నటి సీన్‌లోకి దూరితే. డన్‌కర్క్ 1940 అని చూపించి చేతికి నంబర్ 4 ఇస్తే అది తప్పు.

ఇంకా లోతుకు పోతే, 1916 నుంచి వచ్చిన మార్క్ 3 స్టార్‌లో ఖర్చు, సమయం కలిసొస్తాయని కొన్ని భాగాలు తీసేశారు. ఎడమ పక్క కర్ర మీద గుండ్రటి పళ్లెంలాంటి వాలీ సైటు (చాలా దూరంలోని గుంపు మీద అందరూ కలిసి కాల్చడానికి), కుడిపక్క మ్యాగజైన్‌ను మూసే కట్-ఆఫ్ రేకు, అలాంటివి. 1914 సీన్‌లో ఆ పళ్లెం లేదని గొడవ పెట్టేవాళ్లను చూశాను. నేనైతే పెట్టను. తర్వాత మరమ్మతుల్లో చాలా రైఫిళ్లకు వాటిని ఊడబీకేశారు, ఇవాళ అవి ఉన్నవి దొరకడమే కష్టం.

రైఫిల్ సరైనదే అయినా పట్టుకున్న చేయి పట్టిస్తుంది. నటుడు ఒకసారి కాల్చి, బోల్ట్ కదపకుండానే రెండోసారి కాల్చేస్తాడు. మోడల్ తప్పుల కంటే ఇదే నేను ఎక్కువ చూశాను. బోల్ట్ రైఫిల్ ప్రతి గుండుకూ పిడి ఎత్తి, లాగి, నెట్టి, దించాల్సిందే. ఆ పని వేగంగా జరిగితే మాత్రం అతిశయోక్తి అనుకోకండి. యుద్ధానికి ముందు బ్రిటిష్ సైనికుడికి 300 గజాల దూరానికి నిమిషంలో 15 గుండ్లు గురిపెట్టి కాల్చే పరీక్ష ఉండేది. పది గుండ్లు అయ్యాక ఐదేసి తూటాల చార్జర్లు (తూటాలను వరసగా పట్టుకునే రేకులు) పైనుంచి నొక్కి నింపాలి. లెక్కపెట్టండి, పదిహేను ఇరవై గుండ్లు గుక్కతిప్పుకోకుండా పేలితే ఎడిటర్ పనే.

అన్నట్టు, ఒక షాట్‌లో అందరి బోల్టులూ ఎడమ పక్కన కనిపిస్తే అదేదో అరుదైన రైఫిల్ అని వెతక్కండి. నేను ఒకసారి వెతికాను. ఫ్రేమ్‌ను అద్దంలోలా తిప్పేశారు, అంతే.

ఇప్పుడు మీ జర్మన్. మామూలు జర్మన్ పదాతి సైనికుడిది గెవేర్ 98. పొడవు 1250 మిల్లీమీటర్లు, బోల్ట్ పిడి వంపు లేకుండా పక్కకు తిన్నగా ఉంటుంది. వెనక సైటు ఒంటె మూపురంలా ఎత్తుగా వంపు తిరిగి ఉంటుంది, కనీస దూరం 400 మీటర్లు. ఎదుటి కందకం వంద మీటర్లలో ఉంటే పాపం కిందికి గురిపెట్టాల్సి వచ్చేది. పిడి వంగినది చూడగానే అందరూ "అది కార్ 98కే, 1935లో వచ్చింది, తప్పు" అని తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ మొదటి యుద్ధంలోనే కార్ 98ఏ అని ఒక పొట్టి రైఫిల్ ఉంది, దాని పిడీ వంగే ఉంటుంది, 1916 నాటికి దాడి దళాల చేతుల్లో కనిపిస్తుంది. రెంటికీ తేడా మూతి కిందే ఉంది. 98ఏకి రైఫిళ్లను గుత్తిగా నిలబెట్టడానికి ముందుకు చొచ్చుకొచ్చిన ఇనుప కొక్కెం ఉంటుంది. 98కేకి అది ఉండదు. మీరు ఆపిన ఫ్రేమ్‌లో ఆ సైనికుడి ఎడమ చేయి మూతికి దూరంగా ఉంటే కొక్కెం తెలిసిపోతుంది. చేయి అడ్డం ఉంటే ఒక రెండు సెకన్లు ముందుకు జరిపి, అతను మోకాలి మీద కూర్చునే చోట చూడండి.