సైకిల్ సందేహాలు: మన్యం ఘాట్లలో రద్దీ లేని దారులు, వేళలు

ప్రశ్న: ముగ్గురం కలిసి విశాఖ నుంచి అరకుకి సైకిళ్ళ మీద వెళ్దామనుకుంటున్నాం. కార్ల రద్దీ లేని దారి ఏదైనా ఉందా? మూడు రోజుల సెలవుంది.
– విశాఖపట్నం పాఠకులు

జవాబు: అరకుకి మామూలుగా ఎక్కేది శృంగవరపుకోట (ఎస్.కోట) ఘాట్ నుంచే. దానికి పక్కదారి వెతుక్కోవడం కన్నా వేళ చూసుకోవడం మేలు. విశాఖలో ఆరింటికి బయల్దేరిన కార్లు ఎనిమిది దాటాక ఘాట్ ఎక్కడం మొదలుపెడతాయి, మధ్యాహ్నం మూడు నుంచి దిగుతాయి. మీరు ఐదున్నరకల్లా ఘాట్ కింద ఉన్న బొడ్డవరలో పెడల్ మీద కాలు పెడితే, అవి వచ్చేసరికి టైడా దాటేసి ఉంటారు. శని, ఆదివారాలు మాత్రం ఈ లెక్క పనిచేయదు. అందులోనూ నవంబరు నుంచి జనవరి దాకా వారాంతంలో ఈ ఘాట్ సైకిల్‌కి పనికిరాదు. మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి.

విశాఖ నుంచి అరకు 115 కి.మీ. మొత్తం ఒకేరోజు తొక్కొద్దు. పెందుర్తి, కొత్తవలస దాటేదాకా లారీల మధ్య నలిగి, తొమ్మిదింటి ఎండలో ఘాట్ మొదలుపెట్టాల్సి వస్తుంది. ముందురోజు సాయంత్రం ఎస్.కోటలో పడుకోండి. లేదంటే తెల్లవారుజామున ట్రాలీ ఆటోలో సైకిళ్ళు వేసుకుని బొడ్డవర చేరండి. ఆ ట్రాలీలో సైకిళ్ళని పడుకోబెట్టొద్దు. వెనక గేరు మార్చే డిరైలర్‌ని పట్టి ఉంచే హ్యాంగర్ ఒంగితే ఘాట్ మొదటి మలుపులోనే చైన్ చువ్వల్లో పడుతుంది. నిలబెట్టి, మధ్యలో పాత దుప్పటి పెట్టి తాళ్ళతో కట్టించండి.

ఈ ఎక్కుడు పొడుగే గానీ మరీ నిటారు కాదు. వాలు ఎక్కువ చోట్ల 3, 4 శాతమే. మలుపుల దగ్గర మాత్రం పెరుగుతుంది. టైడా, డముకు, అనంతగిరి కాఫీ తోటలు దాటాక గాలికొండ వస్తుంది. అక్కడితో అయిపోయిందని నీళ్ళన్నీ తాగేయకండి. సుంకరమెట్ట తర్వాత కూడా చిన్నచిన్న ఎత్తులుంటాయి. మధ్యలో బొర్రా వైపు చీలే రోడ్డు ఊరిస్తుంది. అది దిగుడు. దిగినదంతా మళ్ళీ ఎక్కాలి, కాబట్టి గుహలు ఇంకోసారి చూడండి.

మీరడిగిన ప్రశాంతత అసలు రెండో రోజు దొరుకుతుంది. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు సుమారు 45 కి.మీ. లోయలో ఎగుడుదిగుడుగా పోయే రోడ్డిది. నవంబరు, డిసెంబరులో వలిసె పూల పొలాలు కనిపిస్తాయి. ఇది 516ఈ జాతీయ రహదారి. వెడల్పు చేసిన చోట బండ్లు వేగంగా వస్తాయి, కంకర పరిచిన చోట సన్న టైరు కూరుకుపోతుంది. 28 ఎంఎం కన్నా సన్నవి వద్దు, 32 పడితే ఇంకా మంచిది. శుక్రవారం అరకు సంత. ఆ పొద్దున జనంతో నిండిన ఆటోలు, జీపులు ఎదురవుతాయి. ఊళ్ళ వైపు చీలే సన్న తారు రోడ్లు ఇంకా ప్రశాంతంగా ఉంటాయి, కానీ చాలావరకు ఏ వాగు ఒడ్డునో ఆగిపోతాయి. లోపలికి పోయేముందు ‘రోడ్డు అవతలికి కలుస్తుందా’ అని ఊళ్ళో అడగండి. మ్యాపులో కలిసిన గీత నేల మీద కలవకపోవచ్చు.

మూడో రోజు పాడేరు ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం మీదుగా ఇంటికి. ఎక్కుడు వద్దనుకునేవాళ్ళకి పొద్దున విశాఖ నుంచి కిరండూల్ పాసింజరు ఉంది. సైకిల్‌ని పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్లో వేయించాలి. రైలుకి గంటన్నర ముందు వెళ్ళండి, అరకులో దింపుకోవాలని గార్డుకి ముందే చెప్పండి.

ప్రశ్న: నా రోడ్ సైకిల్‌కి ముందు 50/34, వెనక 11-28 పళ్ళ గేర్లు. ఘాట్ ఎక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. వెనక పెద్ద క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి) వేయిస్తే సరిపోతుందా?
– విజయనగరం పాఠకుడు

జవాబు: సరిపోతుంది, కానీ క్యాసెట్ ఒక్కటే మారిస్తే చాలదు. ముందు లెక్క చూడండి. 34–28 గేరులో (ముందు 34 పళ్ళు, వెనక 28) నిమిషానికి 60 సార్లు తొక్కితే వేగం గంటకి 9.3 కి.మీ. అంత వేగం నిలబెట్టే సత్తువ లేనప్పుడు కాళ్ళు 45కి పడిపోతాయి, ఆ బరువంతా మోకాలి మీద పడుతుంది. 34–34 అయితే అదే 60కి 7.7 కి.మీ. చాలు. ఘాట్లో ఆ కిలోమీటరున్నరే మిమ్మల్ని కాపాడేది.

11-34 వేయాలంటే మీ వెనక డిరైలర్ 34 పళ్ళు మోయగలదో లేదో చూడాలి. పొట్టి పంజరం (కింద చైన్‌ని లాగి పట్టే భాగం) ఉన్నవి చాలావరకు 28 లేదా 30 దగ్గర ఆగిపోతాయి. పొడుగు పంజరం కావాలి. చైన్ కూడా కొత్తది, పొడుగుది వేయాలి. డిరైలర్‌లోంచి పోనివ్వకుండా చైన్‌ని ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం చుట్టూ తిప్పి, కలిసిన చోట నుంచి ఇంకో రెండు లింకులు కలపాలి. పాత చైన్‌తో సరిపెడితే, ఎప్పుడో పొరపాటున పెద్ద–పెద్ద గేరు పడగానే డిరైలర్ ఊడి వస్తుంది. చివరగా డిరైలర్ మీది బీ-టెన్షన్ స్క్రూ బిగించి, దాని పై గిలక క్యాసెట్ పళ్ళకి తగలకుండా 5, 6 మిల్లీమీటర్ల ఎడం చూసుకోండి. ఎక్కుడులో గర్రుమని చప్పుడొస్తే ఆ స్క్రూ చాల్లేదన్నమాట.

గేరు మార్చాక కూడా నొప్పి ఉంటే సీటు ఎత్తు చూడండి. మోకాలి ముందు భాగం నొప్పైతే సీటు కిందికి ఉన్నట్టు, వెనక నొప్పైతే మరీ పైకి ఉన్నట్టు. ఒక్కసారికి 3 మిల్లీమీటర్లకి మించి మార్చొద్దు.

ప్రశ్న: పాడేరు ఘాట్ దిగుతుంటే వంట్లమామిడి దగ్గర వెనక ట్యూబు ఢామ్మని పేలింది. టైరులో ముల్లు లేదు, మేకు లేదు. రిమ్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. తప్పు ట్యూబుదా?
– అనకాపల్లి పాఠకుడు

జవాబు: పేలిన ట్యూబు పారేయకుండా చిల్లి ఎటువైపుందో చూడండి. చువ్వల వైపు గుండ్రంగా చిల్లి పడితే తప్పు రిమ్ లోపల చువ్వల కన్నాలని కప్పే రిమ్ టేపుది. ప్లాస్టిక్ టేపు వేడికి మెత్తబడి పక్కకి జరుగుతుంది, ట్యూబు చువ్వ కన్నంలోకి ఉబ్బి పేలుతుంది. గుడ్డ టేపు వేయించండి. టైరు వైపు జానెడు పొడుగున చీలితే, టైరు అంచు రిమ్ నుంచి లేచి ట్యూబు బయటికి పొంగినట్టు. గాలి ఎక్కువ పట్టడం దానికి ఒక కారణం. 28 ఎంఎం టైరు, 70 కిలోల మనిషి అయితే వెనక 80, ముందు 75 పీఎస్ఐ చాలు. పంపు కుర్రాడు ‘వంద కొట్టమంటారా’ అంటే వద్దనండి.

ఇక వేడి సంగతి. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు 800 మీటర్లు దిగితే వచ్చే శక్తి రెండు లీటర్ల మంచినీళ్ళని కాచి మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత గాలి తీసుకుంటుంది, మిగతాదంతా బ్రేకులే మింగాలి. భయపడి కొండంతా బ్రేకు నొక్కి పట్టుకుని ఓ మోస్తరు వేగంలో దిగేవాళ్ళకే రిమ్ ఎక్కువ కాలుతుంది. నేరుగా ఉన్న చోట 30, 35 దాకా వదలండి. మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి 15, 20కి తెచ్చుకుని, మలుపులో వదిలేయండి. ఈ నొక్కడాల మధ్యే రిమ్ చల్లారుతుంది. వెనక బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. బరువు ముందుకి వాలే దిగుడులో అది జారుతుందే గానీ ఆపదు. ప్రతి ఐదారు కిలోమీటర్లకి ఆగి, రిమ్‌కి వేలు దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగిలితే ఐదు నిమిషాలు నిలబడండి, నీళ్ళు మాత్రం పోయకండి. కార్బన్ రిమ్‌లు, రిమ్ బ్రేకులు ఉన్న సైకిల్‌ని ఈ ఘాట్లకి తేకపోవడమే మంచిది.

ఆర్టీసీ బస్సుకి హెయిర్‌పిన్ మలుపు తిరగడానికి రోడ్డంతా కావాలి. మీ సగం మీకు మిగలదు. కింద హారన్ వినపడగానే మలుపుకి ముందే ఎడమ పక్కన ఆగి దాన్ని పోనివ్వండి. అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. మలుపు లోపలి అంచున ఇసుక, ఎండుటాకులు పోగవుతాయి. వానాకాలంలో చెట్ల నీడన తారు మీద పాకుడు కడుతుంది. తడిసిన రిమ్ మీద మొదటి రెండు చుట్లు బ్రేకు పట్టదు, కాబట్టి ముందుగా కాస్త రాసి తుడిచి అప్పుడు నొక్కాలి.

ప్రశ్న: లంబసింగికి సైకిల్ మీద వెళ్ళడానికి ఏ నెల మంచిది? మంచు చూడాలని ఉంది.
– తుని పాఠకురాలు

జవాబు: డిసెంబరు, జనవరి. కానీ వారాంతంలో తెల్లవారుజామున మూడు నుంచే కార్లు బారులు తీరతాయి, మంచులో వాళ్ళకి మీరు కనిపించరు. వారం మధ్యలో వెళ్ళి, ఊళ్ళోనో చింతపల్లిలోనో రాత్రి ఉండి, మంచుని నడిచి చూడండి. సైకిల్ ఎనిమిదిన్నర తర్వాత తీయండి. నర్సీపట్నం నుంచి సుమారు 30 కి.మీ.; డౌనూరు దాటాకే అసలు ఎక్కుడు. పైనుంచి తాజంగి, జి.మాడుగుల మీదుగా పాడేరు పోయే దారి వెనక్కి దిగే ఘాట్ కన్నా చాలా ప్రశాంతం.

ఎక్కేటప్పుడు చలి తెలియదు. చెమటతో తడిసి దిగేటప్పుడే వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు నొక్కలేరు. పూర్తి వేళ్ళ గ్లోవ్స్, పల్చటి విండ్‌చీటర్ ఉండాలి. అది లేకపోతే చొక్కా లోపల గుండెల మీద రెండు మడతలు న్యూస్‌పేపర్ పెట్టుకోండి, బాగా పనిచేస్తుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీంచి పోతే వాళ్ళకి నష్టం, మీకు జారుడు.

ప్రశ్న: దారిలో ఏమేం పెట్టుకోవాలి?
– రాజాం పాఠకుడు

జవాబు: రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్టు, చేతి పంపు, రెండు టైరు లివర్లు, మల్టీటూల్, చైన్ తెగితే కలపడానికి ఒక క్విక్‌లింక్, అదనంగా ఒక జత బ్రేక్ ప్యాడ్లు. ఘాట్లో సైకిల్ షాపు ఉండదు, ఉన్నా సన్న వాల్వు ట్యూబు దొరకదు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, ఒకదాంట్లో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు. దారిలో చోడి (రాగి) అంబలి కనిపిస్తే వదలొద్దు, ఎక్కుడుకి దాన్ని మించింది లేదు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే దించుకోండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించండి.

ప్రశ్న: మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ కూడా ఇంత ప్రశాంతమేనా?
– రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: అడవి ప్రశాంతమే, రోడ్డు కాదు. ఛత్తీస్‌గఢ్ వైపు పోయే లారీలు, బస్సులు అటే వెళ్తాయి. మలుపులు ఇరుకు, మధ్యలో అంగళ్ళు తక్కువ. మొత్తం తొక్కకుండా, పొద్దున్నే మారేడుమిల్లి నుంచి ఓ 15 కి.మీ. వెళ్ళి లారీలు పెరగకముందే తిరిగొచ్చేయండి. చీకటి పడ్డాక ఆ ఘాట్లో సైకిల్ వద్దేవద్దు.