అనుమతులుంటే ఎంత విషవాయువైనా వదలొచ్చా?

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక. అర్ధరాత్రి దాటాక దగ్గర్లోని ఫ్యాక్టరీ నుంచి ఘాటైన కెమికల్ వాసన వస్తోంది. కళ్లు మండుతున్నాయి, మా అత్తగారికి ఆయాసం పెరిగింది. ఫిర్యాదు చేస్తే అధికారులు మర్నాడు మధ్యాహ్నం వచ్చి, గాలి బాగానే ఉందన్నారు. కంపెనీవాళ్లేమో అన్ని పర్మిషన్లూ ఉన్నాయంటున్నారు. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాటకు వెనక్కి తగ్గకండమ్మా. 1981 వాయు కాలుష్య చట్టం 21వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కన్సెంట్‌కు (ఫ్యాక్టరీ నడుపుకునే అనుమతికి) షరతులుంటాయి. పరిమితి దాటి వదిలితే 22వ సెక్షన్ ఉల్లంఘించినట్టే. 31-ఏ సెక్షన్ కింద కరెంటు, నీళ్లు ఆపించి ఫ్యాక్టరీని మూయించే అధికారం కూడా మండలికి ఉంది. 2020 మే 7న విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయాకే, ఆ ప్లాంటు సరైన పర్యావరణ అనుమతి లేకుండా నడిచిందని జనానికి తెలిసింది. అందుకే కాగితం చూడందే ఎవరి మాటా నమ్మొద్దు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో మండలికి దరఖాస్తు పెట్టి కన్సెంట్ ఉత్తర్వు, తనిఖీ నివేదికలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

'గాలి బాగానే ఉంది' అన్నదాన్ని మాత్రం గట్టిగా ప్రశ్నించాలి. 2009 జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో ఉన్నవి 12 కాలుష్య కారకాలే. బెంజీన్ ఉంది (ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు), కానీ స్టైరీన్, టోలుయీన్ లాంటి రసాయనాలు లేవు. ఊరి గాలి లెక్క బాగున్నంత మాత్రాన ఆ ఫ్యాక్టరీ తప్పు చేయలేదని కాదు. పైగా రాత్రి వదిలింది మధ్యాహ్నానికి ఎక్కడ దొరుకుతుంది? శాంపిల్ రాత్రిపూటే తీయాలని రాతపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి. కంపెనీకి అప్పటికప్పుడు నోటీసిచ్చి, సీలు వేసి, వాయు కాలుష్య చట్టం 26వ సెక్షన్ చెప్పిన పద్ధతిలో తీయకపోతే మండలి తీసిన శాంపిల్ ఫలితం కూడా సాక్ష్యంగా చెల్లదు. చాలా కేసులు బలహీనపడేది ఇక్కడే. వాసన ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపుంది, గాలి ఎటు వీచింది, ఎవరికి ఏమైంది అన్నది ఏ రోజుకారోజు రాసిపెట్టండి. ఇరుగుపొరుగు సంతకాలు తీసుకోండి, మీ అత్తగారి ఆసుపత్రి చీటీలు దాచండి.

2024 ఏప్రిల్ నుంచి వాయు కాలుష్య చట్టంలో జైలు శిక్షల స్థానంలో చాలావరకు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ వచ్చింది. పెద్ద కంపెనీకి అదేమంత భారం కాదని నా అభిప్రాయం. అందుకే మండలి కదలకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లమంటాను. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000. పరిహారానికి ఐదేళ్ల గడువుంది గానీ, కాలుష్యం ఆపించమని అడగడానికి ఆరు నెలలే. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. వాసన మొదటిసారి వచ్చిన రోజు నుంచే ఆ గడువు లెక్కేయాలని కంపెనీ లాయరు వాదిస్తారు కాబట్టి, మండలి జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడకుండా ఈలోపే కాగితాలు సిద్ధం చేసుకోండి.