అక్టోబరులో నార్ఫోక్ తీరానికి వలస పిట్టల కోసం వెళ్ళాలంటే ఏ రోజులు ఎంచుకోవాలి?

మీరు లండన్ నుంచి రెండు రోజులకు వెళ్తున్నారు, కొత్త బైనాక్యులర్స్ కొన్నారు, ఆరేళ్ళ పాప కూడా వస్తుంది. క్లై, బ్లేకనీ, టిచ్‌వెల్, హోకమ్, స్నెటిషమ్ అన్నీ చుట్టేయొచ్చా అని అడిగారు. చుట్టేయొచ్చు. కానీ కారు అద్దంలోంచి రోడ్డు తప్ప ఏమీ చూడరు. ఇంగ్లండ్ ఉత్తర నార్ఫోక్ తీరంలో ఏ ఊరికి వెళ్ళామన్నదాని కంటే ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తోంది, పోటు ఎన్నింటికి వస్తోంది అన్నవే ముఖ్యం. ఇది నాకు కాళ్ళు నొప్పి పుట్టాక తెలిసింది.

మొదటిసారి వాతావరణ సూచన చూసి, ఎండ కాస్తుందని ఉన్న శనివారం ఎంచుకుని వెళ్ళాను. క్లై బీచ్ నుంచి బ్లేకనీ పాయింట్ కొసకు దాదాపు నాలుగు మైళ్ళు. పొడుగునా గులకరాళ్ళే. రెండడుగులు ముందుకు వేస్తే ఒకడుగు వెనక్కి జారినట్టుంటుంది. నీలాకాశం, చక్కటి ఎండ, సీగల్స్ తప్ప నాలుగైదు మామూలు పిట్టలు. సగం దారిలో ఒక పెద్దావిడ స్కోప్ (పిట్టలు చూసే దూరదర్శిని) పక్కన పెట్టుకుని సాండ్‌విచ్ తింటున్నారు. ఏమైనా కనిపించాయా అని అడిగాను. "పడమటి గాలి కదా, ఇవాళ ఇంట్లో పడుకోవాల్సింది" అన్నారు. మరి మీరెందుకు వచ్చారని అడిగే ధైర్యం లేకపోయింది.

సంగతి ఏమిటంటే, శరదృతువులో స్కాండినేవియా నుంచి చిన్న పిట్టలు రాత్రిపూట బయలుదేరతాయి. అక్కడ ఆకాశం తేటగా ఉంటే ఇంకా హుషారుగా లేస్తాయి. ఉత్తర సముద్రం మీదికి వచ్చాక తూర్పు గాలి వాటిని బ్రిటన్ వైపు నెడుతుంది. దానికి తోడు మబ్బు, వాన ఎదురైతే దారి తప్పి, అలసిపోయి, కనిపించిన మొదటి నేల మీద వాలిపోతాయి. ఆ మొదటి నేల చాలాసార్లు నార్ఫోక్ తీరమే. గాలి పడమటి నుంచి ఉంటే ఇటు వచ్చేవి తక్కువ. ఆకాశం తేటగా ఉంటే వచ్చినవి కూడా ఆగకుండా లోపలికి పోతాయి. అంటే మనకు బాగున్న రోజు పిట్టలు చూసేవాళ్ళకు దండగ.

రెండోసారి అక్టోబరు రెండో వారంలో వెళ్ళాను. మూడు రోజులుగా తూర్పు గాలి, ముందు రాత్రి సన్నటి వాన, పొద్దున్నే పొగమంచు. వెల్స్ అనే తీరపు ఊరి నుంచి హోకమ్ వైపు ఇసుక దిబ్బల వెంట పైన్ చెట్ల అడవి ఉంటుంది. ఇసుకను నిలబెట్టడానికి 19వ శతాబ్దంలో నాటిన చెట్లు అవి. అక్కడ గడ్డిలో నా బూటు పక్కనే ఏదో కదిలింది. ఎలుక అనుకున్నాను. చూస్తే బొటనవేలంత ఒళ్ళు, పాచి రంగు వీపు, నెత్తిన పసుపు గీత, దానికి అటూ ఇటూ నల్ల గీతలు. గోల్డ్‌క్రెస్ట్. గడ్డి పోచల కింద పురుగులు ఏరుకుంటూ నా బూటు లేసు మీదుగా గెంతి అవతలికి పోయింది. నన్ను అసలు లెక్క చేయలేదు. బైనాక్యులర్స్ ఎత్తినా లాభం లేదు, అంత దగ్గరలో ఫోకస్ అవ్వవు. దాని బరువు 5, 6 గ్రాములు. మీ జేబులో ఇరవై పెన్నీల బిళ్ళ ఉంటే చేతిలో పెట్టుకుని చూడండి, అది 5 గ్రాములు. ఆ బరువుతో రాత్రికి రాత్రి సముద్రం దాటి వచ్చింది. వుడ్‌కాక్ అనే పెద్ద పిట్టలు రావడానికి కొద్ది రోజుల ముందు ఇవి దిగుతాయి కాబట్టి తీరంలో వీటిని పూర్వం 'వుడ్‌కాక్ పైలట్' అనేవారట.

అదే అడవిలో బిర్చ్ చెట్ల పల్లం దగ్గర యెల్లో-బ్రౌడ్ వార్బ్లర్ కూడా దొరికింది. దొరికింది అంటే, ముందు వినబడింది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నమాట దీన్ని చూసే పుట్టిందేమో! ఇది గూడు కట్టేది సైబీరియాలో, చలికాలం గడపాల్సింది ఆగ్నేయాసియాలో. అయినా ఏటా అక్టోబరులో కొన్ని ఇలా పడమటికి వచ్చేస్తాయి. మెడ నొప్పి పుట్టేలా ఇరవై నిమిషాలు పైకి చూస్తే, ఆకుల మధ్య రెండు సెకన్లు కనిపించింది. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ దాని కూతను పట్టుకుంది కానీ, గాలి హోరులో ఆ యాప్ చెప్పిందల్లా నమ్మకండి. కంటితో చూసిందే లెక్కలో వేసుకోండి.

ఇక స్నెటిషమ్. ఇక్కడ గాలితో పని లేదు, చంద్రుడితో పని. ఇది వాష్ అనే పెద్ద అఖాతం ఒడ్డున ఉంటుంది, ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ వాళ్ళ రిజర్వ్. గ్రీన్‌లాండ్, ఆర్కిటిక్ కెనడాల నుంచి వచ్చిన నాట్ అనే బూడిద రంగు పిట్టలు ఇక్కడి బురదలో చిన్న చిన్న గవ్వ పురుగులు తింటూ ఉంటాయి. మామూలు పోటుకు బురద కొంత మిగిలిపోతుంది, అవి దూరంగానే ఉండిపోతాయి. అమావాస్య, పౌర్ణమి తర్వాత రెండు మూడు రోజులు వచ్చే పెద్ద పోటుకు మాత్రం బురదంతా మునిగిపోతుంది. అప్పుడు వేలు, పదివేలుగా ఒక్కసారి లేచి, మన తల మీదుగా వెనక ఉన్న పాత కంకర గుంతల్లోకి వచ్చి దిగుతాయి. పెద్ద పోటు ఇక్కడ పొద్దున, సాయంత్రం రావడం మన అదృష్టం. ఏ తేదీల్లో బాగుంటుందో ఆర్‌ఎస్‌పీబీ వాళ్ళే పట్టిక ఇస్తారు.

ఆ పట్టిక విషయంలోనే నేను తెలివి ప్రదర్శించాను. అందులో ఉన్నది జీఎంటీ (గ్రీనిచ్ సమయం) అనుకుని, ఇంకా గడియారాలు గంట ముందుండే వేసవి సమయం నడుస్తోంది కదా అని ఒక గంట కలిపాను. వాళ్ళు ఆ గంట ముందే కలిపి వేశారు. నేను వెళ్ళేసరికి నాట్‌లన్నీ గుంతల్లోని దీవుల మీద భుజం భుజం రాసుకుంటూ నిద్రపోతున్నాయి, జనం ఫ్లాస్కులు మూసేస్తున్నారు. పోటు తగ్గాక అవి మళ్ళీ గుంపుగా లేచి బురద మీదికి వెళ్తాయని అప్పటికి తెలియదు. ఉసూరుమంటూ వెళ్ళిపోయాను. కాబట్టి పట్టికలో సమయం ఏ లెక్కలో ఉందో చూసుకోండి, పోటుకు రెండు గంటల ముందే అక్కడ ఉండండి. కార్ పార్క్ నుంచి చాలా నడవాలి, చీకట్లో పాపతో ఇంకా ఎక్కువ పడుతుంది. కింగ్స్ లిన్ దాకా రైలు ఉంది కానీ తెల్లవారుజామున అక్కడి నుంచి బస్సు మీద ఆశ పెట్టుకోకండి. ముందు రాత్రి దగ్గర్లో బస చేసి, కారులో వెళ్ళడమే నయం.

ఇంకో కిటుకు. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ నుంచి వచ్చే పింక్-ఫుటెడ్ గీస్ అనే పెద్ద బాతులు కూడా తెల్లవారే వేళ వాష్ బురద మీద నుంచి లేచి పొలాలకు వెళ్తాయి. షుగర్ బీట్ తీసేశాక మిగిలిన ముక్కలు, ఆకులు వాటి తిండి. కానీ పౌర్ణమి రోజుల్లో వెన్నెట్లోనే మేతకు పోతాయి, పొద్దున్నే అన్నీ కలిసి లేచే దృశ్యం ఉండకపోవచ్చు. అమావాస్యకు ఆ ఇబ్బంది లేదు. పోటూ పెద్దదే. అందుకే నేనైతే అమావాస్య దాటిన రెండో రోజో మూడో రోజో చూసి ఒక పొద్దున స్నెటిషమ్‌కు పెట్టుకుంటాను. రెండో రోజు ఎక్కడికన్నది మూడు రోజుల ముందు గాలి చూసి తేల్చుకుంటాను. తూర్పు గాలీ వానా అయితే వెల్స్ అడవి. ఉత్తరం నుంచి గాలి గట్టిగా కొడితే షెరింగమ్‌లో ఒడ్డున కూర్చుని సముద్రం వైపు చూడటం, గానెట్‌లు, స్కువాలు లాంటి సముద్ర పక్షులు దగ్గరికి వస్తాయి. పడమటి గాలి అయితే క్లై చిత్తడి నేలలు. 1926లో కొని కాపాడిన నేల అది, నార్ఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ మొదలైంది దానితోనే. గాలి ఎలా ఉన్నా అక్కడ హైడ్‌లో (పిట్టలకు కనబడకుండా చూసే చెక్క గదిలో) కూర్చుంటే బాతులు, నీటి పిట్టలు కనిపిస్తాయి. బ్లేకనీ పాయింట్ నడక మాత్రం పాపతో వద్దు.

ఒక్క విషయం ఖచ్చితంగా పాటించండి. ఉప్పు చిత్తడుల్లో దారి వదిలి లోపలికి వెళ్ళొద్దు. అక్కడి కాలువల్లోకి పోటు నీరు వెనక నుంచి వచ్చి నిండుతుంది. ఎదురుగా నేల పొడిగానే ఉంటుంది, తిరిగి వచ్చే దారి మాత్రం ఉండదు. అలాగే అలసి వాలిన పిట్టను ఫొటో కోసం పొదలోంచి లేపకండి.

మీ బైనాక్యులర్స్ 8x42 అన్నారు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తాయి, సరిపోతాయి. 10x అయితే ఆ గాలికి చేతులు వణికి ఏదీ నిలకడగా కనిపించదు. స్కోప్ కొనక్కర్లేదు, హైడ్‌లో అడిగితే చూడనిస్తారు. చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. పాప కోసం బైనాక్యులర్స్ కొనాలా అని అడిగారు, వద్దు. నాట్‌లు లేచినప్పుడు కళ్ళు చాలు. పైగా అవి మీ మీదుగా పోతుంటే రెక్కల చప్పుడు వాన జల్లు వచ్చినట్టు వినిపిస్తుంది. నాతో వచ్చిన స్నేహితుడు నిజంగానే గొడుగు తీశాడు.